అమ్మానాన్నల పెంకుటింటి సామాను: ఏది ఉంచుకోవాలి, మిగిలినది ఎవరికి చేర్చాలి?

ప్రశ్న: తణుకు ఆడపడుచు

అందరికీ నమస్కారం. తణుకు దగ్గరి పల్లెటూళ్లో మా అమ్మానాన్నలు ఉంటున్న పెంకుటింటిని వచ్చే వేసవిలోగా ఖాళీ చేసి, వారిని హైదరాబాదులో మా ఇంటికి దగ్గరలోనే ఉన్న రెండు పడక గదుల ఫ్లాటుకు తీసుకురావాలని కుటుంబమంతా కలిసి నిర్ణయించుకున్నాం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అమ్మకు చూపు మందగించడం వల్ల అంత పెద్ద ఇంట్లో ఇద్దరే ఉండటం ఇక కష్టమని వారూ ఒప్పుకున్నారు. ఇల్లు కొనుక్కునేవారు కూడా కుదిరారు. ఇక మిగిలింది సామాను సంగతి.

అటక మీద గంగాళాలు, కాగులు, పెళ్లిళ్లకు వాడిన గుండిగలు, ఇత్తడి బిందెలు ఉన్నాయి. సామాన్ల గదిలో రెండు భోషాణాలు, మూడు ఇనప బీరువాలు, వాటి నిండా పట్టుచీరలు, దుప్పట్లు, ఇంకా విప్పని కొత్త గిన్నెల పెట్టెలు ఉన్నాయి. నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి విరమణ పొందారు కాబట్టి వసారా గోడ పొడవునా పుస్తకాలే. ఇవి కాక దూది పరుపులు, కొలువు బొమ్మలు, పనిచేయని టీవీ, పాత ఇన్వర్టరు బ్యాటరీ, ఎప్పటివో తెలియని కాగితాల కట్టలు.

పాత సామాన్లు కొనే వ్యాపారిని పిలిచి ఒక్కరోజులో అంతా తూకానికి వేసేద్దామని మా అన్నయ్య అంటున్నాడు. అమ్మ మాత్రం, “ఇవన్నీ నా కోసం దాచుకున్నానా, మీకోసమే కదమ్మా” అని ఊరుకుంటోంది. ఆ మాట విన్న తరువాత ఏ వస్తువు మీద చెయ్యి వేయడానికీ నాకు మనసు రావడం లేదు. అలాగని ఆ సామానంతా ఫ్లాటులోకి తెస్తే మనుషులు నడిచే దారి కూడా ఉండదు. అమ్మ మనసు నొప్పించకుండా ఈ పని ఎలా చేయాలో, ఏ వస్తువు ఎక్కడికి చేరితే నిజంగా ఉపయోగపడుతుందో, ఇలాంటి పని చేసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1: ఖాతా పుస్తకం (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)

అమ్మా, గిన్నెలకూ పుస్తకాలకూ ముందు మీరు చివరలో రాసిన ఆ కాగితాల కట్టల సంగతి చూడండి. తూకానికి వేసిన గిన్నెను మళ్లీ కొనుక్కోవచ్చు గాని, పాత కాగితాలు కొనేవాడి సంచిలోకి వెళ్లిన పత్రం తిరిగి రాదు. పాత ఇళ్లలో విలువైన కాగితాలు బీరువాలోనే ఉంటాయని అనుకోవడానికి వీల్లేదు. పంచాంగాల మధ్యన, పెళ్లి శుభలేఖల కట్టలో, బీరువా అరలో పరిచిన వార్తాపత్రిక కింద, చీర మడతల్లో, భోషాణం అడుగున కూడా ఉంటాయి. అందుకే ఏ పుస్తకాన్నీ, ఏ చీరనూ విప్పి దులపకుండా బయటికి పంపకండి.

భూమికీ ఇంటికీ సంబంధించిన రిజిస్టర్డు దస్తావేజులు, వాటి వెనకటి లింకు డాక్యుమెంట్లు, పట్టాదారు పాసు పుస్తకాలు, పంపకాల పత్రాలు, వీలునామాలు, మరణ ధ్రువీకరణ పత్రాలు, నాన్నగారి సర్వీసు కాగితాలు, పింఛను మంజూరు ఉత్తర్వు, ఇవన్నీ ఎంత పాతవైనా ఉంచవలసినవే. ఇల్లు అమ్ముతున్నారు కాబట్టి కొనుగోలుదారుకు ఏ మూల పత్రాలు ఇస్తున్నారో ఒక జాబితా రాసుకుని, వాటి నకళ్లు మీ దగ్గర ఉంచుకోండి.

రెండవది, మరచిపోయిన డబ్బు. పదేళ్లుగా ఎవరూ అడగని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిర్వహించే ప్రత్యేక నిధికి వెళతాయి. వెళ్లినా వాటి మీద హక్కు పోదు, ఖాతాదారుగాని వారసులుగాని బ్యాంకు ద్వారా తిరిగి పొందవచ్చు. ఇలాంటి డిపాజిట్లను వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ‘ఉద్గమ్’ అనే పోర్టల్ ప్రారంభించింది. మీ తాతగారి పేరుతో కూడా వెతకండి. కాగితపు షేరు పత్రాలు కనబడితే, కంపెనీ పేరు వినలేదని పారవేయకండి. కంపెనీలు విలీనమై పేర్లు మారి ఉండవచ్చు. వరుసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోకపోతే ఆ షేర్లు మదుపరుల రక్షణ కోసం ప్రభుత్వం నిర్వహించే నిధికి బదిలీ అవుతాయి గాని, అక్కడి నుంచి కూడా దరఖాస్తు చేసి తెచ్చుకోవచ్చు. ఒక సంగతి, ఇప్పుడు అవి మీ పేరుకు వచ్చేది డీమ్యాట్ రూపంలోనే, అంటే కాగితం లేని ఎలక్ట్రానిక్ ఖాతాలోనే. 2019 ఏప్రిల్ నుంచి స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీల కాగితపు షేర్లను మామూలుగా బదిలీ చేయడం లేదు.

పనికిరాని కాగితాల్లో ఖాతా నంబర్లు, సంతకాలు, ఆధార్ నకళ్లు ఉన్నవాటిని చింపి నీళ్లలో నానబెట్టి పడేయండి. వాడని చెక్కులను మాత్రం బ్యాంకుకు తిరిగి ఇచ్చేయండి. మిగతా కాగితాన్ని తూకానికి నిశ్చింతగా వేయవచ్చు.

సమాధానం 2: నరసాపురం మామ్మ

తల్లీ, నేను మీ అమ్మగారి ఈడుదాన్ని. మూడేళ్ల కిందట నరసాపురంలో ఇల్లు వదిలి విశాఖపట్నంలో మా అబ్బాయి దగ్గరకు వచ్చాను. అందుచేత ముందు ఆమె వైపు నుంచి రెండు మాటలు చెబుతాను.

మా రోజుల్లో ఇంట్లో శుభకార్యం అంటే ఊరంతా వచ్చి వాకిట్లో పొయ్యిలు తవ్వి వండేవారు. క్యాటరింగు లేదు, సామాన్లు అద్దెకిచ్చే దుకాణాలు అన్ని ఊళ్లలోనూ ఉండేవి కావు. ఎవరింట్లో గుండిగ ఉంటే వారింటి నుంచి వీధి వీధంతా తెచ్చుకునేది. మరచెంబు నుంచి గంగాళం వరకూ ఏ వస్తువైనా ఇంట్లో ఉండటమంటే, పదిమంది వచ్చినా తడుముకోనక్కర్లేదన్న ధీమా. మీ అమ్మగారు దాచింది ఆ ధీమాను. ఆ సంగతి పిల్లలు గుర్తించారని తెలిస్తే చాలు, సగం బరువు దిగుతుంది. కాబట్టి “ఇది ఎందుకమ్మా” అని అడగకండి. “ఇది ఎవరు ఇచ్చారమ్మా, ఎప్పుడు వాడేదానివి” అని అడగండి. ఆ కబుర్లు చెబుతూ చెబుతూ, ఇంక దీనితో నాకేం పని, ఫలానా వాళ్లకు ఇవ్వు అని ఆమే అంటారు. మా కోడలు నా దగ్గర కూర్చుని అలాగే చేసింది.

ఇచ్చేటప్పుడు ఆమె చేతుల మీదుగానే ఇప్పించండి. ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేసిన అమ్మాయికి, పొలం చూసిన కుటుంబానికి, మేనకోడళ్లకు, ఎవరికేది ఇవ్వాలో ఆమెకు బాగా తెలుసు. స్టీలు గిన్నెల అంచు మీద ఫలానా వారి జ్ఞాపకార్థం అని పేర్లు చెక్కించి ఉంటాయి కదా, అవి ఆయా పేర్లవారి పిల్లలకు చేరితే వారు ఎంత సంతోషిస్తారో చూడండి. మా చిన్నాన్నగారి పేరున్న గ్లాసు ఒకటి ఆయన మనవడికి పంపితే, తాతగారి పేరు తన ఇంట్లో ఎక్కడైనా రాసి ఉండటం అదే మొదటిసారని ఆ పిల్లవాడు ఫోను చేసి చెప్పాడు.

ఇత్తడి, రాగి, కంచు సామాన్లను కలిపి తూకానికి వేయకండి. కంచులో రాగితో పాటు తగరం ఉంటుంది కాబట్టి దాని ధర ఇత్తడి కంటే బాగా ఎక్కువ. కంచు పళ్లేన్ని వేలితో మీటితే చాలాసేపు మోగుతుంది, అదొక గుర్తు. దుకాణంలో పాత సామాను ఇచ్చి కొత్తది తీసుకునేటప్పుడు తరుగు పేరుతో ఎంత తీసేస్తున్నారో, కొత్తదాని మీద మజూరీ ఎంత వేస్తున్నారో విడివిడిగా అడగండి. తణుకుకు దగ్గర్లోనే ఉన్న అజ్జరం ఇత్తడి పనికి పేరున్న ఊరు. ఒకటి రెండు చోట్ల ధర కనుక్కున్నాకే ఇవ్వండి. చేత్తో సుత్తిపెట్టి కొట్టి చేసిన మందపాటి పాత్రలు ఇప్పుడు దొరకడం కష్టం కనుక, వాటిలో రోజూ వాడుకోదగిన చిన్నవి రెండు మూడు ఎంచి, కళాయి పూత వేయించి వంటింట్లోనే ఉంచండి. పప్పు ఉడికే గిన్నెగా వాడుకలోకి వచ్చిన పాత్రను ఎవరూ అడ్డమనుకోరు. పెద్ద గుండిగలను ఊళ్లో గుడికో, అన్నదానం చేసే సత్రానికో ఇవ్వండి, కాని ముందు వారికి అవి కావాలో లేదో అడిగి తెలుసుకోండి.

పట్టుచీరల సంగతి. పాత జరీలో వెండి తీగ ఉంటుంది కాబట్టి, పాత పట్టుచీరలు కొంటామంటూ వీధుల్లోకి వచ్చేవారు ఆ వెండి కోసమే కొంటారు. అంచు దగ్గర ఒక పోగును గోటితో గీరితే లోపల ఎర్రటి పట్టుదారం కనబడితే అది అసలు జరీ అని నేతగాళ్లు చెబుతారు. అలాంటి చీరను గుమ్మంలో చెప్పిన ధరకు ఇవ్వకండి, జరీ కొనే దుకాణంలో చూపించండి. చిరగని చీరలు కట్టుకునేవారికి ఇవ్వండి. మడతల దగ్గర చీలినవాటి అంచులు, పైటకొంగులు పనికొస్తాయి. మనవరాళ్ల పరికిణీలకు వాడవచ్చు. మెత్తబడిన నేతచీరలు బొంతలకు ఎంతో మంచివి, కుట్టేవారు ఇంకా పల్లెల్లో ఉన్నారు. దూది పరుపులు విప్పి, దూది ఏకించి, ఫ్లాటులోని మంచాలకు సరిపడా రెండు పరుపులు చేయించండి. అలవాటైన పరుపు మీద పడుకుంటే కొత్త చోట మీ అమ్మానాన్నలకు నిద్ర పడుతుంది.

కొలువు బొమ్మలు మాత్రం ఇవ్వకండమ్మా. మరపాచీ అనే చెక్కబొమ్మల జంట, కొండపల్లి బొమ్మలు ఎన్ని ఉన్నా ఒక్క పెట్టెలో పట్టేస్తాయి. ఏడాదికి ఒకసారి అవి బయటికి వచ్చినప్పుడు ఆ ఇల్లు మీ అమ్మగారిది అవుతుంది.

ప్రశ్న అడిగినవారు: తణుకు ఆడపడుచు

మామ్మగారూ, మీ సమాధానం నిన్న రాత్రి అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. గంగాళం ఎవరికివ్వాలో అప్పటికప్పుడే చెప్పింది. ఖాతా పుస్తకం గారి సలహా ప్రకారం కాగితాల పని అన్నయ్య తీసుకున్నాడు. ఇప్పుడు నాన్నగారి పుస్తకాల గురించి అడగాలి. ఏదైనా గ్రంథాలయానికి మొత్తం ఇచ్చేయాలని ఆయన కోరిక. ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో అడిగితే స్థలం లేదన్నారు. ఆయన ఆ మాటకు చాలా బాధపడ్డారు.

సమాధానం 3: పాత సంచికలు

నేను చాలాకాలంగా గ్రంథాలయాల పనిలో ఉన్నవాణ్ణి. స్థలం లేదన్న జవాబు మీ నాన్నగారి పుస్తకాల విలువ మీద తీర్పు కాదని ఆయనకు ముందుగా చెప్పండి. ఏ గ్రంథాలయానికైనా పుస్తకం రావడంతో పని అయిపోదు, అప్పుడే మొదలవుతుంది. నమోదు, వర్గీకరణ, అర, దుమ్ము దులపడం, చెదల నుంచి కాపాడటం, వీటన్నిటికీ మనుషులు కావాలి. అందుకని ‘అయిదు బీరువాల పుస్తకాలున్నాయి, తీసుకుంటారా’ అని అడిగితే చాలామంది కాదంటారు, అదే జాబితా చూపిస్తే తమకు కావలసినవి గుర్తుపెట్టి తీసుకుంటారు. కాబట్టి మొదటి పని జాబితా. పుస్తకం పేరు, రచయిత, ప్రచురించిన సంవత్సరం, స్థితి, ఈ నాలుగు చాలు. నాన్నగారు చెబుతూ ఉంటే మనవలు ఎవరైనా రాసిపెట్టవచ్చు. పండితులుగా పనిచేసినవారు కాబట్టి ఏ ముద్రణ ఎందుకు విలువైనదో ఆయన నోటివెంటే వస్తుంది, దాన్నీ పక్కన రాయించండి.

జాబితా వేసేటప్పుడు ఒక తేడా గమనించాలి. ప్రబంధాలు, శతకాలు, నిఘంటువులు, ప్రసిద్ధ నవలలు ఇప్పటికే అన్ని పెద్ద గ్రంథాలయాల్లోనూ ఉంటాయి, అంతర్జాలంలోనూ దొరుకుతాయి. ఎవరూ లెక్కచేయని సన్నటి పుస్తకాలే అరుదైనవి. మీ తాలూకాలో అచ్చయిన చిన్న కావ్యం, పాఠశాల రజతోత్సవ సంచిక, స్థలపురాణం, ఊరి నాటక సమాజం కరపత్రం, పాత వాచకాలు, ఉపాధ్యాయ సంఘం సభల నివేదికలు, పెళ్లిళ్లలో పంచిన పద్యపత్రికలు, ఇవి రెండో ప్రతి ఎక్కడా లేనివి కావచ్చు. తూకానికి వేసేటప్పుడు మొదట వెళ్లిపోయేవీ ఇవే, అట్టలుండవు కాబట్టి. పత్రికల సంగతీ అంతే. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ప్రారంభించిన భారతి సంచికలుగాని, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలుగాని, 1947లో మొదలైన చందమామ తొలి సంచికలుగాని ఉంటే ఒక్కొక్కటీ విడిగా నెల, సంవత్సరంతో రాయండి. గ్రంథాలయాలు తమ దగ్గర లోపించిన సంచికల కోసం వెతుకుతూనే ఉంటాయి.

ఎవరిని అడగాలంటే, మీకు దగ్గరలో రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉంది. 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు ప్రసిద్ధి. హైదరాబాదులో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. జాబితా పంపి, కావలసినవి అడిగి, వారు ఒప్పుకున్నాకే పుస్తకాలు తరలించండి. తాటాకు గ్రంథాలు కనబడితే తుడవకండి, నూనె రాయకండి. ఉన్నవి ఉన్నట్లు పాత నూలుగుడ్డలో చుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని తెలంగాణ ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంవారిని సంప్రదించండి.

డిజిటల్ ప్రతుల గురించి కూడా ఒక మాట. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి; ఆ గడువు దాటిన రచనలను అంతర్జాలంలోని ఉచిత గ్రంథాలయమైన తెలుగు వికీసోర్సులో స్వచ్ఛందంగా పనిచేసేవారు స్కాన్ చేసి, మళ్లీ టైపు చేసి అందరికీ అందుబాటులోకి తెస్తున్నారు. గ్రంథాలయం తీసుకోని పుస్తకం కూడా అలా బతుకుతుంది. పరీక్షల గైడ్లు, పాత సంవత్సరాల డైరెక్టరీలు, చెదలు తిన్న నవలలు తూకానికి వెళ్లడంలో తప్పేమీ లేదు. అంచులలో నాన్నగారి చేతిరాత ఉన్న పుస్తకాలు మాత్రం ఆయన వెంటే ఫ్లాటుకు రావాలి. ఒక్క గోడ అల్మరా ఆయనకు కేటాయించి, అందులో ఏవి పెట్టాలో పూర్తిగా ఆయనకే వదిలేయండి.

సమాధానం 4: కొల్లేటి గాలి

దానం విషయంలో నాకొక ఆవేదన ఉంది, అందుకే రాస్తున్నాను. మనకు పనికిరానిది పేదవారికి పనికొస్తుందన్న ఆలోచనతో చిరిగినవీ, మరకలు పడినవీ మూటగట్టి పంపేవారు చాలామంది ఉన్నారు. 2004 సునామీ తరువాత తమిళనాడు తీరంలో, సాయంగా వచ్చిన పాత బట్టలు ఎవరూ తీసుకోక రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిని ఏరి, పనికొచ్చేలా మలచినవారిలో 1999లో మొదలైన గూంజ్ సంస్థ ఒకటి. ఉతికి, ఎండబెట్టి, గుండీలు కుట్టి ఇచ్చిన చొక్కాకూ మురికి మూటకూ ఉన్న తేడా, తీసుకునే మనిషికి మనమిచ్చే గౌరవంలో ఉన్న తేడా. చిరిగిన నూలుబట్టలను కూడా శుభ్రంగా ఉతికి, నూలుబట్టలని చెప్పి విడిగా ఇస్తే, ఇలాంటి సంస్థలు వాటితో రుతుస్రావ సమయంలో వాడే గుడ్డలు తయారు చేస్తాయి.

మీరు సంక్రాంతికి ఊరు వెళితే, పాత సామానంతా భోగి మంటలో వేసేద్దామని ఎవరైనా అనవచ్చు. విరిగిన పాతకాలపు చెక్క వరకు సరే గాని ప్లాస్టిక్ కుర్చీలు, రంగులు వేసిన చెక్క, ఫోము పరుపులు, టైర్లు, వైర్లు వద్దు. ఆ పొగ చుట్టూ చేరిన పిల్లల ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది.

పాత టీవీ పెద్ద గాజు గొట్టం ఉన్నదైతే ఆ గాజులో సీసం ఉంటుంది. గుమ్మంలోకి వచ్చేవారు రాగి తీగ కోసం దాన్ని రోడ్డు పక్కనే పగలగొడతారు. ఈ-వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్న కేంద్రానికే ఇవ్వండి. ఇన్వర్టరు బ్యాటరీని బ్యాటరీల దుకాణంవారే కొత్తదానిలో ధర తగ్గించి తీసుకుంటారు. గడువు తీరిన మందులు, పాదరసపు థర్మామీటర్లు, ట్యూబులైట్లు చెత్తబుట్టలో కలపకూడదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే వీటిని ఇంటి ప్రమాదకర వ్యర్థాలుగా లెక్కించి, విడిగా ఇవ్వాలని చెప్పారు.

సమాధానం 5: మేడ మీద తులసి

అందరూ బయటికి పంపడం గురించే చెప్పారు. ఫ్లాటులోకి వచ్చాక ఏం జరుగుతుందో నేను చెబుతాను, ఎందుకంటే మా అత్తమామలు అలాగే వచ్చారు. గృహప్రవేశానికి వచ్చిన బంధువులు తలా ఒక గోడ గడియారం, దేవుడి పటం, గాజు గ్లాసుల సెట్టు తెచ్చారు. ఏడాది తిరిగేసరికి వ్రతాలకు వచ్చిన జాకెట్టు ముక్కలు, పుట్టినరోజుల రిటర్న్ గిఫ్టులు, ఆఫర్లో కొన్న ప్లాస్టిక్ డబ్బాలు ఒక అలమరా నింపేశాయి. తగ్గించుకుని బతకడం అంటే ఒక్కసారి ఖాళీ చేయడం అనుకుంటే ఇల్లు మళ్లీ నిండుతుంది. గుమ్మం దగ్గర ఏది లోపలికి వస్తోందో రోజూ చూసుకోవలసిందే.

మేము చేసినది ఏమిటంటే, శుభలేఖలోనే కానుకలు వద్దని అచ్చు వేయించాం. నోములకు పిలిచినప్పుడు జాకెట్టు ముక్కకు బదులు పసుపు, కుంకుమ, పండు, ఒక పూల మొక్క ఇస్తున్నాం. వచ్చిన ముక్కల్లో నిజంగా కుట్టించుకునేవి రెండు మూడు ఉంచుకుని, మిగతావి కుట్టుపని నేర్చుకునే ఆడపిల్లలకు ఇస్తే వారికి అభ్యాసానికి ఉపయోగపడ్డాయి. ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే అవసరమయ్యే పెద్ద కుక్కరు, నిచ్చెన, మడత మంచాలు మా అపార్టుమెంటులో నాలుగు కుటుంబాలు కలిసి ఉంచుకుంటున్నాం. నరసాపురం మామ్మగారు చెప్పిన గుండిగ పద్ధతి కూడా ఇదే కదా.

ఇంకొక విన్నపం. ఖాళీ ఎక్కువగా కనబడాలన్న పట్టుదలతో పెద్దవారి చేతికి అలవాటైన వస్తువులు తీసేయకండి. చూపు తగ్గిన మనిషికి తన పోపులపెట్టె, తన కత్తిపీట, తన మందుల డబ్బా తడిమితే తెలుస్తాయి. పాత వంటింట్లో ఏ వస్తువు ఏ ఎత్తులో, ఏ చేతి వైపున ఉండేదో ఒక ఫోటో తీసుకుని, కొత్త వంటింట్లో అదే వరుసలో సర్దండి. సామాను తగ్గిన తరువాత నేల మీద కాలికి తగిలేవి లేకపోవడం వల్ల మా అత్తగారు ఒంటరిగా ఇల్లంతా తిరగగలుగుతున్నారు. మీ అమ్మగారికి కూడా ఇది ముందే చెప్పండి; ఎందుకు తగ్గిస్తున్నామన్నది ఆమెకు బోధపడుతుంది.

ప్రశ్న అడిగినవారు: తణుకు ఆడపడుచు

అందరికీ కృతజ్ఞతలు. వ్యాపారిని ఇప్పుడే పిలవకూడదని, సంక్రాంతికి అన్నాచెల్లెళ్లం పిల్లలతో సహా ఊరు వెళ్లి, ముందు ఫ్లాటుకు ఏమేమి రావాలో అమ్మానాన్నలనే ఎంచమని అడగాలని, మిగిలినవి ఎవరికివ్వాలో అమ్మ చెబితే రాసుకోవాలని నిర్ణయించుకున్నాం. పంచాంగాల కట్టలో తాతగారి పేరుతో ఒక పాత డిపాజిట్ రసీదు అప్పుడే దొరికిందని అన్నయ్య చెప్పాడు. ఉద్గమ్‌లో ఇంకా వెతకాలి. నాన్నగారు జాబితా మొదలుపెట్టారు. మొదటి అరలోనే తణుకు, ఆచంట పరిసరాల్లో అచ్చయిన చిన్న పుస్తకాలు కొన్ని కనబడ్డాయట. ‘పాత సంచికలు’ గారూ, ఆ అర వరకూ పూర్తికాగానే జాబితా ఇక్కడ పెడతాను, ఏవి ఏ గ్రంథాలయానికి ముందుగా చూపించాలో దయచేసి చెప్పండి.